రెండు కుట్ల దిండు

12-8-2024, సోమవారం, మదనపల్లె

అమరావతిని, పిల్లవాణ్ణి ఈరోజు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. అమర నా చెల్లెలు. అమ్మ లేదు కాబట్టి పురుడు నా ఇంట్లోనే. నాకు పిల్లల్లేరు, ఇవన్నీ నాకూ కొత్తే. పక్కింటి పుష్పమ్మను అడిగి అడిగి చేస్తున్నాను.

నొప్పులు మధ్యలో ఆగిపోతే వాక్యూమ్ పెట్టి లాగారు. పిల్లవాడి తల వెనక్కి పొడుగ్గా సాగింది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. అమర అత్త సరస్వతమ్మ పుంగనూరు నుంచి వచ్చి, మనవణ్ణి చూసి, సొరకాయ అంది. సొరకాయ వేలాడితే పొడుగవుతుంది, వీణ్ణి పడుకోబెడితే గుండ్రమవుతాడు అన్నాను. నవ్వింది. మనిషి చెడ్డది కాదు. నోటికి మూత లేదు, అంతే.

మరిది జయచంద్ర, అమర మొగుడు, ఇంకా రాలేదు. కుప్పంలో గ్రానైట్ పాలిష్ పట్టే చోట పని. శనివారం సాయంత్రమే వదులుతారట. మొన్నొక శనివారం వచ్చి పోయింది. ఆయన రాలేదు.

14-8-2024

ఆవాల దిండు కుడతాను. ఆవాలు నున్నగా ఉంటాయి. బిడ్డ తల ఎటు తిప్పితే అటు జరుగుతాయి, ఒకేచోట ఒత్తుకోనివ్వవు. మా అమ్మ మా ఇద్దరికీ అట్లాగే వేసిందట. ఆవాలు జల్లించి మిద్దె మీద ఎండబోశాను.

కొత్త గుడ్డ పనికిరాదని సరస్వతమ్మ పట్టుబట్టింది. పసిబిడ్డ తల కింద ఎవరో ఒకరు కట్టి విడిచిన పాత గుడ్డే వెయ్యాలట. ఫోన్లో ఇంకొకటి కూడా చెప్పింది. వాళ్ళ ఇళ్ళలో ఆ దిండు తండ్రి లుంగీతో కుడతారట. తండ్రి వాసన తల కింద ఉంటే బిడ్డ నిద్రలో ఉలిక్కిపడడట. మంచి మాటే. వచ్చేటప్పుడు పాత లుంగీ ఒకటి తెమ్మని జయచంద్రకు ఫోన్ చేసి చెప్పాను. సరే వదినా అన్నాడు.

18-8-2024, ఆదివారం

వచ్చాడు. చేతులు ఊపుకుంటూ వచ్చాడు. బిడ్డను ఎత్తుకోలేదు. తల వైపు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు. మా వంశంలో ఇట్లాంటి తల ఎవరికీ లేదన్నాడు. వాక్యూమ్ సంగతి చెప్పాను. అవునా అని నవ్వాడు. లుంగీ అడిగాను.

"నా లుంగీ యాల వదినా? వీళ్ళ నాయన యాడుండాడో, ఆయప్పనడిగి తెచ్చుకోండి."

నా చేతిలో కత్తెర ఉంది, బ్లౌజు కత్తిరిస్తున్నాను. మా ఆయన కుమారస్వామి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన దేనికీ తొందరపడే మనిషి కాదు, రోజంతా టమోటా బాక్సులు పగలకుండా ఆటో తోలేవాడికి ఆ నెమ్మది ఉంటుంది. నాకు లేదు. అమర గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

జయచంద్ర పోయాక అమరకు నీళ్ళు పోశాను. వీపు మీద చారలు. బెల్టు బకిల్ పడిన చోట్ల నల్లగా మచ్చలు. కడుపుతో ఉన్నప్పటివేనట. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్తే నువ్వు ఊరుకోవు కదక్కా అంది.

నిజమే. ఊరుకోను.

19-8-2024

లుంగీ అక్కర్లేదు. పెట్టెలోంచి అమ్మ వాయిల్ చీర తీశాను. బిడ్డకు వాసనే కావాలంటే అమ్మ వాసన చాలు.

కానీ ఆ చీరను గోరుతో గీరినా దారాలు ఊడి వస్తున్నాయి. ఆవాలు బరువు. అందుకని లోపల కొత్త లైనింగ్ గుడ్డ వేశాను. పైకి చూస్తే పాత చీరే. శాస్త్రం పైన, గట్టితనం లోపల. ఎవరికీ చెప్పలేదు, అమరకు తప్ప. చుట్టూ రెండు కుట్లు వేశాను. ఏనుగు తొక్కినా విడదు.

నేను కుడుతుంటే అమర పక్కన కూర్చుని, పుష్పమ్మ బ్లౌజు తప్పుకుట్టు ఒకటి విప్పింది. చిన్నప్పటి నుంచీ అంతే మాకు. కుట్టడం నాది, విప్పడం దానిది. బ్లేడు ముక్కతో ఒక్కొక్క దారం తెంపి లాగుతుంది, గుడ్డకు గాటు కూడా పడదు. నాకు అంత ఓపిక ఎప్పుడూ లేదు.

పిల్లవాడు దిండు మీద తల పెట్టగానే ఆవాలు సర్రుమన్నాయి. కళ్ళు తిప్పి విన్నాడు. పడుకున్నాడు.

7-9-2024, వినాయక చవితి

పేరు పెట్టాం. తండ్రి రాలేదు. అమర గణేష్ అని పెట్టింది. తండ్రి గుర్తుపట్టక తల నరికేసిన కొడుకు పేరు. నాకు నచ్చలేదు. చెప్పలేదు.

13-10-2024

తల గుండ్రమవుతోంది. రోజూ అరచెయ్యి పెట్టి చూస్తున్నాను. వెనక ఎత్తు దాదాపు పోయింది. పుష్పమ్మ చూసి, వీడా ఆ సొరకాయ అంది.

ఇక జయచంద్ర నోరు మూతపడుతుంది.

10-11-2024, ఆదివారం

మూడో నెల దాటింది. పుంగనూరులో దింపి వచ్చాం.

ఆ ఇంటికి పోతే ముందు కాళ్ళు భయపడతాయి. ఇల్లంతా నల్ల గ్రానైట్. కుప్పం నుంచి బండలు తెచ్చి, జయచంద్ర తానే పరిచి, తానే పాలిష్ పట్టాడు. గడపకు కూడా అదే బండ, అంచు కత్తిలా ఉంటుంది. గృహప్రవేశం రోజు, నీ మొహం సూసుకో వదినా అని నన్ను వంగమన్నాడు. సరస్వతమ్మ సొంత ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది. నీళ్ళు ఒలికితే ఆ పూట ఎవరో ఒకరు పడాల్సిందే.

గణేష్‌ను లోపలి గదిలో దిండు మీద పడుకోబెట్టి వచ్చాను. ఆటోలో తిరిగొస్తుంటే ఒడి తేలిగ్గా ఉంది. ఏడ్చాను.

24-11-2024, ఆదివారం

నాలుగు రోజులుగా అమర ఫోన్ స్విచాఫ్. పొద్దున బస్సెక్కి పోయాను.

పై పళ్ళలో ముందు పన్ను లేదు. పెదవి వాచి ఊదాగా ఉంది. బాత్రూంలో జారింది అని సరస్వతమ్మ చెప్పింది, నా మొహం చూడకుండా. అమర గణేష్‌ను నా చేతికిచ్చి, తల చూడక్కా ఎంత బాగా వచ్చిందో అంది.

జయచంద్ర బస్టాండు దగ్గర టీ తాగుతున్నాడు. పోయాను. చెప్పు తీశాను. మొదటి దెబ్బకు గ్లాసు పడింది, రెండోదానికి చెవి మీద తోలు లేచింది. ఎన్ని కొట్టానో లెక్క లేదు. టీ మాస్టరు వచ్చి పట్టుకునేదాకా కొట్టాను. నోట్లోంచి రక్తం కారుతుంటే ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు.

నాకు హాయిగా ఉంది. ఎవరేమనుకున్నా సరే. మూడు నెలల కిందటే చెయ్యాల్సింది.

25-11-2024

సరస్వతమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను బస్సెక్కగానే ఆయన ఇంటికి పోయాడట. అమర ఎడమ చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు వేశాడట. మూడు వేళ్ళు నలిగాయి. నీ అక్క కొట్టినవన్నీ నువ్వే లెక్క పెట్టుకో అన్నాడట.

చెప్పు నాది. చెయ్యి దానిది.

1-12-2024, ఆదివారం

పంచాయితీ. వాళ్ళ పెద్దమనుషులు, మా తరఫున మేమిద్దరం. అమరను మాతో పంపమని అడిగాను.

జయచంద్ర లేచి బిడ్డ తల సంగతి ఎత్తాడు. ఒక పెద్దాయన గణేష్‌ను ఒళ్ళోకి తీసుకుని తల చుట్టూ చెయ్యి తిప్పాడు. శుభ్రంగా గుండ్రంగానే ఉంది కదప్పా అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"దిండేసి గుండ్రం సేసినారు సామీ. తప్పు లేకుంటే దిండు యాలేస్తారు?"

ఎవరూ నవ్వలేదు. వాళ్ళందరూ ఆవాల దిండు మీద పెరిగిన తలలే. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతకు ముందు తల వంకర తప్పయితే, ఇప్పుడు తల గుండ్రం తప్పు. ఆయన నోరు మూయించాలని కుట్టిన దిండే ఆయనకు సాక్ష్యమైంది.

తీర్పు ఏమంటే, నేను ఆ గడప తొక్కకూడదు. ఆయన అమర మీద చెయ్యి వెయ్యకూడదు. అమర, బిడ్డ ఆడే ఉండాలి. రెండువైపులా సమానంగా చెప్పాం అన్నారు.

8-12-2024, ఆదివారం

అమర నిన్న సాయంత్రం బిడ్డను తీసుకుని వచ్చేసింది. వాళ్ళు పొద్దున వచ్చారు. జయచంద్ర, ఇంకా ఇద్దరు. నా కుట్టు మిషన్ ఎత్తి వీధిలోకి విసిరారు. కుమారస్వామి అడ్డం పోతే మోకాలి మీద రాడ్డుతో కొట్టారు. చిప్ప పగిలిన చప్పుడు నాకు ఇంట్లోకి వినపడింది. అంత నెమ్మది మనిషి, కుక్కలాగా అరిచాడు. రెండో మోకాలి మీదికి రాడ్డు ఎత్తగానే అమర బిడ్డనెత్తుకుని తానే బయటికి నడిచింది. వాళ్ళ కారెక్కింది.

వెనక్కి పరిగెత్తి వచ్చి మంచం మీది దిండు తీసుకుపోయింది. దానికోసం కారు ఆపించింది.

కంప్లైంట్ ఇచ్చాం. కాగితం తీసుకుని పంపేశారు. కుమారస్వామికి ఆపరేషన్. జనవరి దాటేదాకా ఆటో తోలకూడదు.

15-12-2024, ఆదివారం

ఎవరిదో ఫోన్ నుంచి అమర మాట్లాడింది. గొంతు పొడిగా ఉంది. ఏడవలేదు. అది ఏడ్చి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నిన్న శనివారం జయచంద్ర కుప్పం నుంచి తాగి వచ్చాడట. గణేష్ దిండు మీద పడుకుని ఉన్నాడు. రెండు కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని తలకిందులుగా ఎత్తాడట. గడప దగ్గరికి తెచ్చి, బండకు జానెడు ఎత్తులో బిడ్డ తల ఊపాడట.

"దిండు యాల, బండ ఉండాది గదా. వచ్చే శనివారం నేనే గుండ్రం సేస్తా."

ఆ మాట అమర ఆయన గొంతుతోనే చెప్పింది.

ఇప్పుడే బయల్దేరి వచ్చెయ్యమన్నాను. బావకు ఇంకొక మోకాలుంది కదక్కా అంది. పోలీసుల దగ్గరికి మళ్ళీ పోదామన్నాను. పోదాం అంది. ఎప్పుడు అన్నాను. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"అక్కా, దిండుకు ఎన్ని కుట్లేసినావు?"

రెండు అన్నాను. ఊడిందా అని అడిగాను. లేదు, ఊరికే అడిగినా అంది.

21-12-2024, శనివారం, మధ్యాహ్నం

పెద్ద కత్తెర సాన పట్టించాను. గడప తొక్కకూడదు అన్నారు. తొక్కుతాను. కుమారస్వామికి అన్నం పెట్టి, వాల్మీకిపురం బ్లౌజులు ఇచ్చి వస్తానని చెప్పాను. నమ్మలేదు. ఆపలేదు.

22-12-2024

వరసగా రాయాలి.

బస్సు ఆలస్యం. పుంగనూరు దిగేసరికి దీపాలు పెట్టారు. వాళ్ళ వీధి మొదట్లోనే జనం కనపడ్డారు. నేను సంచిలో చెయ్యి పెట్టి, కత్తెర పట్టుకుని పరిగెత్తాను. బిడ్డ అనుకున్నాను. బిడ్డ అయిపోయాడు అనుకున్నాను. ఎవరెవరినో మోచేత్తో పొడిచాను.

గడప దగ్గర జయచంద్ర వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ సరిగ్గా గడప అంచు మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి, కదులుతున్నాయి. మిగతా మనిషి కదలడం లేదు. బయట బూట్లు విప్పి, సాక్సులతోనే లోపలికి దూసుకుపోయాడట. యాడ వాడు అని అరవడం వీధంతా విన్నారు. ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టినట్టు ఒక చప్పుడు.

నల్ల బండ నిండా ఆవాలు. లైటు కింద అవే మెరుస్తున్నాయి. ఎత్తడానికి పోయిన ఒకాయన తానూ జారి ఆయన మీదే పడ్డాడు. అప్పుడు జయచంద్ర నోట్లోంచి గాలి వచ్చింది, మాట రాలేదు.

వంటింటి గుమ్మంలో అమర నిలబడి ఉంది. ఒట్టికాళ్ళు. చంకలో గణేష్. వాడి తల మీద చెయ్యి, ఆ నలిగిన వేళ్ళ చెయ్యి. నేను అడుగు ముందుకెయ్యబోయాను.

"ఆడే ఉండక్కా. జారతాది."

అంత నెమ్మదిగా ఆ మాట. సంచిలో కత్తెర వదిలేశాను.

అంబులెన్స్ వచ్చి తిరుపతికి తీసుకుపోయింది. సరస్వతమ్మ ఆ సాయంత్రం గుడికి పోయి, అప్పుడే వచ్చింది. గుండెలు బాదుకుంది. ఖాళీ దిండు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కొత్త గుడ్డతో కుట్టింటే సిరిగేదా హేమా?"

పాత గుడ్డే కావాలని పట్టుబట్టింది ఆమే. ఇంకెప్పుడైనా అయితే ఆ మాట మొహాన కొట్టేదాన్ని. అందరూ నా నోరే చూస్తున్నారు. అమర కూడా.

"పాత సీర గదత్తా. యాడ నిలబడతాది."

తలలు ఊపారు. పాత చీరల సంగతి అందరికీ తెలుసు.

ఆవాలు నేనే ఊడ్చాను. దిండు చిరిగితే గింజలు ఒకచోట కుప్పగా పడి, అక్కడి నుంచి చెదరాలి. ఇవి గడప నుంచి గది మధ్య దాకా సమంగా పరుచుకుని ఉన్నాయి. మడిలో విత్తనం చల్లినట్టు. వంటింటి వైపు ఒక్క గింజ లేదు.

23-12-2024

దిండు నాతో తెచ్చుకున్నాను. తలుపు వేసుకుని చూశాను.

అమ్మ చీర చిరగలేదు. లైనింగ్ చిరగలేదు. ఒక పక్క రెండు కుట్లూ ఈ చివర నుంచి ఆ చివర దాకా విప్పి ఉన్నాయి. దారం పోగు ఒక్కటి మిగల్లేదు. గుడ్డకు గాటు లేదు. మూడు వేళ్ళు పనిచెయ్యని చేత్తో ఎంతసేపు కూర్చుందో.

ఊడ్చి తెచ్చిన ఆవాల్లో గిన్నెడు మిగిలాయి. కొన్ని ఇంట్లోవి కలిపి, చేత్తోనే కుట్టాను. రెండు కుట్లు. గణేష్‌కు పంపాను.

నా చెప్పుదెబ్బలు దాని మూడు వేళ్ళు నలిపించాయి. అది తన పని తాను చేసుకుంది. నాకు భయంగా ఉందా అంటే ఉంది. బాధగా ఉందా అంటే లేదు.

12-1-2025, ఆదివారం

తిరుపతి నుంచి జయచంద్రను ఇంటికి తెచ్చారు. మెడ కింద ఏదీ పనిచెయ్యదు, ఇక అంతేనట. చూడటానికి పోయాను. గడప తొక్కకూడదన్నవాళ్ళే, రా తల్లీ అని పిలిచారు.

నాలుక కొంచెం తిరుగుతోంది. ఒకే మాట వస్తోంది. ఆవాలు. పొద్దస్తమానం అదే. కళ్ళు అమర ఎటు పోతే అటు తిరుగుతాయి. ఆవాలు, ఆవాలు.

సరస్వతమ్మకు అది ఒక్కటే అర్థమైంది, కొడుకు తనకు దిష్టి తీయమంటున్నాడని. సందె వేళ ఉప్పు, మిరపకాయలు, గుప్పెడు ఆవాలు తెచ్చి ఆయన చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. ఆవాలు చిటచిటలాడాయి. ఆయన గుడ్లు వెలుపలికి వచ్చాయి, నోట్లోంచి నురుగు వచ్చింది. ఎంత దిష్టి ఉందో చూడు హేమా అని, లోపలికి పోయి ఇంకొక గుప్పెడు తెచ్చింది.

అమర పక్కగదిలో గణేష్‌కు పాలిస్తోంది. వాడు ఆ చప్పుడుకు నవ్వుతున్నాడు.

9-2-2025, ఆదివారం

మిషన్ బాగుపడి వచ్చింది. కుమారస్వామి కర్ర లేకుండా నడిచాడు.

అమర వచ్చింది. ఎవరినీ అడగకుండా వచ్చింది. ఒకేచోట ఒత్తుకుని జయచంద్ర తల వెనక పుండు పడిందట. ఆవాల దిండు వేస్తే మేలని నర్సమ్మ చెప్పిందట.

సంచిలోంచి ఆయన లుంగీ తీసి మిషన్ మీద పెట్టింది.

"పెద్దది కుట్టక్కా."

ఎన్ని కుట్లు వెయ్యమంటావు అని అడిగాను. గణేష్‌ను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. నీ ఇష్టం అంది.

ఒకటే వేశాను.